పెట్టె చెప్పని పేరు

హెమెయి,
రెండో నెల.

కంప్యూటర్లు బాగుచేసే యెన్ చింగ్-తే గారికి,

నేనెవరో మీకు తెలియదు. కో ఛాయ్-హోంగ్ తల్లిని. తైపేలో మీ షాపుకి రెండు వీధుల అవతల గది అద్దెకి తీసుకుని, ఎగుమతుల కంపెనీలో టైపు పని చేసేది. పోయిన ఏడాది ఆరో నెలలో, వానలో స్కూటరు మీద వస్తూ లారీ కింద పడి పోయింది. మీ వీధిలో అందరికీ తెలిసే ఉంటుంది.

ఫోను చెయ్యకుండా ఈ ముసలమ్మ ఉత్తరం రాస్తుందేమిటా అనుకోకండి. నా వయసంతా మరమగ్గాల మధ్య నిలబడ్డాను. చెవులు అక్కడే వదిలేసి వచ్చాను. ఫోను చెవిన పెట్టుకుంటే ఈగల మోత తప్ప ఏమీ వినపడదు. మిల్లువాళ్ళు సాయంత్రం బడి పెట్టినప్పుడు నేర్చుకున్న అక్షరాలివి, వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.

దాని గది ఖాళీ చేసి సామానుతోపాటు కంప్యూటరు కూడా ఇంటికి తెచ్చుకున్నాం. పెట్టె వెనక మీ షాపు చీటీ అంటించి ఉంది. అది తనే నాతో ఒకసారి అంది, మీ షాపతనే పాత సామాన్లు ఏరి దీన్ని కూర్చి ఇచ్చాడని. అందుకే మీకు రాయడం. మీట నొక్కితే తెర వెలుగుతుంది. నల్లటి తెర మీద తెల్లటి ఇంగ్లీషు అక్షరాలు రెండు వరసలు వచ్చి, అక్కడితో ఆగిపోతుంది. అవి ఏమిటో నాకు తెలియదు. చూసి చూసి కింద గీశాను. తప్పులుంటే మీరే సరిచేసుకుని చదవండి.

నాకు కంప్యూటరుతో ఏం పని అంటారా, చెప్తాను. పోయిన ఏడాది కొత్త సంవత్సరానికి ఇంటికొచ్చినప్పుడు అది వంటింట్లో నా పక్కన కూచుని, "అమ్మా, ఒకతనున్నాడు" అంది. నా చెవి దగ్గర నోరు పెట్టి అరిచి మరీ చెప్పింది, ఇంట్లో అందరికీ వినపడుతుందని కూడా చూసుకోకుండా. పేరు చెప్పవే అంటే, "ఇప్పుడు కాదు, శరత్కాలం పండక్కి. ఫోటోలూ ఉత్తరాలూ అన్నీ కంప్యూటర్లో దాచాను. అన్నీ తెచ్చి చూపిస్తా" అంది. "పెట్టెలో మనిషిని దాస్తారటే!" అన్నాను. "నా మనిషి, నా ఇష్టం" అని నవ్వింది. ఆ పండగ దాకా అది ఉండలేదు.

పెళ్ళికాని ఆడపిల్ల పోతే పుట్టింట్లో పోయిన పెద్దలకి ధూపం వేసే పీఠం మీద దాని పేరు చెక్కిన పలకకి చోటుండదని మీకు నేను చెప్పక్కర్లేదు. మా ఆయన పోయాక నేనుండేది మా బావగారి ఇంట్లో. పీఠం ఆయనది. "ఏడాది తిరిగేదాకా ఊరుకుంటాను. ఆ తర్వాత ఆ పలక నా గడప లోపల ఉండకూడదు" అనేశారు. ఇప్పుడది వంటింటి వెనక, బియ్యం డబ్బా పక్కన స్టూలు మీద ఉంది. ఆ అబ్బాయి ఎవరో తెలిస్తే వెళ్ళి బతిమాలుకుంటాను. పలకని పెళ్ళాడి తన పీఠం మీద పెట్టుకుంటే చాలు. తర్వాత ఎవరిని చేసుకున్నా నాకు అభ్యంతరం లేదు. పండగలకి గిన్నెడు అన్నం, ఒక అగరొత్తి. అంతకంటే ఏమీ అడగను.

ఆ పేరు ఈ పెట్టెలో ఉంది. దయచేసి దీని నోరు ఎలా తెరిపించాలో చెప్పండి.

కో వారి బోంగ్-ఛీ

*

తైపే,
రెండో నెల చివర.

పిన్నిగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. ఛాయ్-హోంగ్ సంగతి విని ఇక్కడ మేమంతా బాధపడ్డాం.

మీరు గీసిన అక్షరాలు చదివాను. దాని అర్థం, పెట్టెకి తన హార్డ్ డిస్కు కనపడడం లేదని. హార్డ్ డిస్కు అంటే లోపల ఇటుక ముక్కలా ఉండే ఇనప డబ్బా. దాచినవన్నీ ఉండేది అందులోనే. ప్రయాణంలో కుదుపులకి కేబుల్ ఊడి ఉండొచ్చు. కరెంటు తీసేసి, పక్క రేకు మరలు విప్పి చూడండి. బూడిద రంగు వెడల్పాటి రిబ్బను లాంటిది ఒకటి ఆ డబ్బాకి తగిలించి ఉంటుంది. ఒకసారి ఊడదీసి, గట్టిగా నొక్కి మళ్ళీ పెట్టండి. రంగురంగుల నాలుగు తీగలు కలిసి వచ్చే చిన్న ప్లగ్గు కూడా అలాగే. తర్వాత మీట నొక్కి, డబ్బా లోపల తిరుగుతున్న చప్పుడు వస్తుందేమో వినండి.

ఒక మాట. అది చాలా పాత పెట్టె. ఇలాంటివి ఒకసారి పోయాయంటే సాధారణంగా తిరిగి రావు. ఎక్కువ ఆశ పెట్టుకోకండి.

యెన్ చింగ్-తే

*

హెమెయి,
మూడో నెల, సమాధుల పండగ మర్నాడు.

బాబూ చింగ్-తే,

"మీరు" అని రాయబోయాను గానీ చెయ్యి రాలేదు. నా కూతురి ఈడువాడివి. నువ్వనే రాస్తాను.

నువ్వు చెప్పినట్టే రేకు విప్పాను. మా బావగారు గుమ్మంలో నిలబడి, "చచ్చినవాళ్ళ సామాను కెలక్కు, చెయ్యి పడిపోతుంది" అన్నారు. నాకు వినపడకపోవడం ఒక్కోసారి మంచిదే. నోరు కదలడం చూసి ఏమన్నారో తెలిసింది, అయినా వినపడనట్టే ఉన్నాను. ఆయన భార్య, మా తోటికోడలు అ-గిన్, స్క్రూడ్రైవరు తెచ్చి ఇచ్చి, "నేనిచ్చానని చెప్పకు" అంది.

లోపల చూస్తే ఏముంది బాబూ, అంతా దుమ్మే. దాని గదిలో దుమ్ము. ఊడ్చబుద్ధి కాలేదు. నా వేలితో తీసి చూసుకున్నాను. దాంట్లో దాని జుట్టు ఒక పోగు ఉంది. పొడుగుది. కాసేపు పని ఆపేశాను.

రిబ్బను తీసి పెట్టాను, చిన్న ప్లగ్గు తీసి పెట్టాను. తిరుగుతున్న చప్పుడు వినమన్నావు. అది నావల్ల అయ్యే పని కాదని మర్చిపోయావు. మేం మగ్గాల దగ్గర వినం, అరచెయ్యి ఆనించి చూస్తాం. ఎక్కడ ఏ కండె ఆగిపోయిందో చేతికే తెలిసిపోతుంది. అలాగే ఆనించాను. వెనక ఫ్యాను గిరగిరా తిరుగుతోంది. కరెంటు డబ్బా సన్నగా వణుకుతోంది. నువ్వు చెప్పిన ఇనప ఇటుక మాత్రం కదల్లేదు. చల్లగా ఉంది. ఆసుపత్రిలో దాని చెయ్యి పట్టుకున్నప్పుడు కూడా ఇలాగే ఉంది.

మీ షాపుల్లో యంత్రాలు మొండికేస్తే పైన ఆకుపచ్చ పొట్లం మొక్కజొన్న పేలాలు పెడతారని, దాని మీద "బుద్ధిగా ఉండు" అని రాసి ఉంటుంది కాబట్టి అవి మాట వింటాయని మా పక్కింటావిడ చెప్పింది. ఒకటి కొని పెట్టాను. సాయంత్రానికి మా బావగారు తినేశారు. "పాతబడిపోతుందని తిన్నాను" అంటారు, పళ్ళు కూడా లేని మనిషి. మళ్ళీ కొన్నాను. ఈసారి పలక పక్కన పెట్టాను, అక్కడికి ఆయన రారు.

కొత్త డబ్బా వేస్తే పాతవి కనపడతాయా? ఇక్కడ హెమెయిలో కూడా ఒక షాపుంది. అక్కడికి తీసుకెళ్ళనా, లేక నువ్వే ఒక్కసారి వస్తావా? అన్నం వండి పెడతాను. మావైపు మాంసం ఉండలు మీ తైపేలో ఇలా కుదరవు.

బోంగ్-ఛీ పిన్ని

*

తైపే,
మూడో నెల.

పిన్నిగారికి,

ఇక్కడ పని ఎక్కువగా ఉంది, రావడం కుదరదు. వేరే షాపుకి మాత్రం ఇవ్వకండి. వాళ్ళకి లోపలున్న ఉత్తరాలతో పని లేదు. అంతా తుడిచేసి, పెట్టె నడుస్తోంది చూడండని చేతిలో పెడతారు. కొత్త డబ్బా వేస్తే పాతవి రావు.

ఇంకో రెండు చూడొచ్చు. డబ్బా వెనక, రిబ్బనుకీ ప్లగ్గుకీ మధ్య చిన్న చిన్న సూదులు రెండు వరసల్లో ఉంటాయి. ఒక జతకి గోరంత ప్లాస్టిక్ టోపీ తొడిగి ఉంటుంది. దాన్ని తీసి చివరి జతకి తొడగండి. తర్వాత, లోపల తీగలన్నీ వచ్చి కలిసే పెద్ద బోర్డు మీద బిళ్ళలా మెరిసే బ్యాటరీ ఉంటుంది. అది అయిపోతే పెట్టె అన్నీ మర్చిపోతుంది. అలాంటిదే కొత్తది కొని వెయ్యండి. మీట నొక్కగానే కీబోర్డు మీద కుడివైపు నేను కింద గీసిన అక్షరాలున్న మీట నొక్కుతూ ఉంటే నీలం తెర వస్తుంది. పై వరసలో డిస్కు పేరు రావాలి. రాకపోతే నేను గీసిన రెండో మాట ఉంటుంది. దాని అర్థం "ఏదీ లేదు" అని.

ఆ మాటే వస్తే ఇక వదిలెయ్యండి పిన్నిగారూ.

చింగ్-తే

*

హెమెయి,
నాలుగో నెల.

బాబూ చింగ్-తే,

నువ్వు గీసిన రెండో మాటే వచ్చింది.

టోపీ మార్చాను. గోరంతది, రెండుసార్లు కింద పడింది. అ-గిన్ అక్కా నేనూ నేల మీద పాకి వెతికాం. "ఈ వయసులో పేలు వెతుక్కుంటున్నట్టుంది" అని అక్క నవ్వింది. ఈ ఇంట్లో చాలా రోజుల తర్వాత నవ్వు. బ్యాటరీ బిళ్ళ గడియారాల షాపులో దొరికింది. నీలం తెర వచ్చింది. పై వరస చూశాను. నీ కాగితం తెర పక్కన పెట్టి ఒక్కో అక్షరం పోల్చుకున్నాను. అదే మాట. మళ్ళీ ఆర్పి మళ్ళీ వేశాను. ఎన్నిసార్లని అడగకు. ప్రతిసారీ ఏదీ లేదు, ఏదీ లేదు.

బతికున్నప్పుడు దాన్ని నేను సరిగ్గా చూసుకున్నానో లేదో గానీ, పేరు మాత్రం మంచిది పెట్టాను. నా పేరు చూశావుగా. మా నాన్నకి నాకు ముందు ముగ్గురు ఆడపిల్లలు. నేను పుడితే "పోనీలే, పెంచుదాం" అన్నాడట, అదే పేరు పెట్టేశాడు. బోంగ్-ఛీ అంటే అర్థం అదే. బడిలో ఎవరైనా పేరడిగితే దాక్కునేదాన్ని. అందుకే నా కూతురికి రంగులు ఉన్న పేరు, పక్షి ఉన్న పేరు ఏరి మరీ పెట్టుకున్నాను. మా అత్తగారు "ఆడపిల్లకి ఇంత పేరా" అంది. ఇప్పుడా పేరు బియ్యం డబ్బా పక్కన ఉంది.

బావగారి ఒళ్ళు బాగుండడం లేదు. పూనకం వచ్చే ఆయన దగ్గరికి వెళ్ళొచ్చారు. "ఇంట్లో ఒక ఆడపిల్ల నిలబడే ఉంది. కూచోడానికి కుర్చీ లేదని ఏడుస్తోంది" అని ఆయన చెప్పాడట. బావగారు ఇంటికొచ్చి నా మీద పడ్డారు. "విన్నావా? నీ కూతురు నా నడుం మీద కూచుంది!" "కుర్చీ మీరివ్వనంటే ఎక్కడ కూచుంటుంది మరి?" అన్నాను. జీవితంలో మొదటిసారి ఆయనకి ఎదురు చెప్పాను.

బాబూ, డిస్కు సంగతి పక్కన పెట్టి ఒకటడుగుతాను. అది మీ షాపుకి వస్తూ పోతూ ఉండేదిగా. దాంతో ఎవరైనా అబ్బాయి వచ్చేవాడా? పొడుగా, పొట్టా? కళ్ళద్దాలా? ఏ చిన్నది గుర్తున్నా రాయి. కంపెనీ పేరు తెలిసినా చాలు, నేనే వెళ్ళి గేటు దగ్గర నిలబడతాను.

పిన్ని

*

తైపే,
నాలుగో నెల.

పిన్నిగారికి,

షాపుకి రోజూ ఎంతోమంది వస్తారు. ఎవరు ఎవరితో వచ్చారో గుర్తుండదు.

డిస్కు పూర్తిగా పోయింది. లోపల సూది బిగుసుకుపోయినట్టుంది. ఎవరివల్లా కాదు. ఛాయ్-హోంగ్ పలకని కన్యల గుడిలో పెట్టించండి. అక్కడ దానికి తోడు చాలామంది ఉంటారు, రోజూ ధూపం వేస్తారు. ఆ అబ్బాయి ఎవరైనా గానీ, అతనికీ ఏవో ఇబ్బందులు ఉండొచ్చు. వెతికి పట్టుకున్నా మీకు మేలు జరుగుతుందని నేననుకోను.

చింగ్-తే

*

హెమెయి,
ఐదో నెల, వెదురాకుల అన్నం పొట్లాల పండగ ముందు.

బాబూ,

నీ శ్రమకి కృతజ్ఞతలు. ఇక నిన్ను విసిగించను. పెట్టె మూసేశాను.

కన్యల గుడి ఊసెత్తావు. చచ్చాక కూడా పెళ్ళికి ఎవరూ ముందుకు రాని పిల్లల పలకల్ని అక్కడ పెడతారు. నా కూతుర్ని ఒకడు కావాలనుకున్నాడు. అది నా చెవిలో అరిచి చెప్పింది. కావాలనుకున్నవాడు ఉన్న పిల్లని అనాథల్లో ఎలా కూచోబెట్టను?

అందుకని పెద్దవాళ్ళంతా కూచుని తేల్చారు. దాని పుట్టిన ఘడియ రాసిన కాగితం, ఫోటో, ఆసుపత్రిలో నేను కత్తిరించి దాచుకున్న జుట్టూ గోళ్ళూ ఎర్ర కవరులో పెట్టి, పండగ వెళ్ళాక వచ్చే ఆదివారం పొద్దున మార్కెట్టు కూడలి దగ్గర రోడ్డు మీద పెడతారు. బావగారు, ఆయన తమ్ముళ్ళు గోడ పక్కన నక్కి ఉంటారు. ఏ మగాడు ఆ కవరు ఎత్తితే వాడే అల్లుడు. వాడు గుడ్డివాడో కుంటివాడో, ముసలివాడో తాగుబోతో, ఇక మా చేతుల్లో లేదు. నా ఒళ్ళు కాలిపోతోంది. కానీ ఏడాది తిరగడానికి ఇంక ఎన్నాళ్ళో లేదు.

దాని పెళ్ళికి నిన్ను పిలిచేదాన్ని. దాని పెట్టె కోసం ఇంత చేసినవాడివి.

పిన్ని

*

తైపే. అర్జంటు.

అమ్మా,

కవరు రోడ్డు మీద పెట్టొద్దు. దయచేసి పెట్టొద్దు.

అతను నేనే.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఆ పెట్టె నేనే దానికి కూర్చి ఇచ్చాను. రెండేళ్ళు మేం కలిసి తిరిగాం. పండక్కి మీ ఇంటికి నన్నే తీసుకురావాలనుకుంది. అది పోయిందని తెలిసిన సాయంత్రం, మీ వాళ్ళు తైపే రాకముందే, నా దగ్గరున్న తాళంచెవితో గది తీసి డిస్కు విప్పేశాను. దాని చోటులో షాపు చెత్తలోంచి చచ్చిన డిస్కు ఒకటి బిగించాను. మీరు ఇన్నాళ్ళూ చెయ్యి ఆనించి చూసింది దానిదే కాదు.

ఎందుకు చేశానంటే భయం. ఫోటోలు చూస్తే మీరు మా ఇంటికి వస్తారు, పలక తీసుకోమంటారు. మా అమ్మానాన్నలకి నేనొక్కణ్ణే కొడుకుని. చచ్చినపిల్ల మొదటి భార్య అయితే తర్వాత వచ్చే పిల్ల దాన్ని అక్కా అని పిలవాలి, బల్ల దగ్గర దాని కుర్చీ ముందు వెయ్యాలి. ఏ ఇంటివాళ్ళు పిల్లనిస్తారు? ఈ ఎనిమిదో నెలలో నా పెళ్ళి. ఆ అమ్మాయికి ఇదేమీ తెలియదు.

డిస్కు మీకు పంపిద్దామంటే లేదు. ఏడో వారం కర్మ రోజున మా షాపు వెనక సందులో, ప్రతి నెలా పదహారో తేదీన మేం కాగితం డబ్బు కాల్చే ఇనప డ్రమ్ములో, పోయినవాళ్ళకి పంపే కాగితం బట్టలతో కలిపి కాల్చేశాను. దాని ఉత్తరాలు దానికే చేరాలని. ఇనుము కదా, ఊరికే కాలదు. అందుకని ముందు సుత్తితో పగలగొట్టి లోపలి పళ్ళేలు ముక్కలు చేసి వేశాను. అది అందుకునే ఉంటుందని నా నమ్మకం.

మీరు తిట్టండి. కానీ ఎవడో దారిన పోయేవాడికి దాన్ని ఇవ్వకండి.

చింగ్-తే

*

హెమెయి,
ఐదో నెల.

యెన్ చింగ్-తే కి,

నన్ను అమ్మా అనకు. ఆ మాట అనడానికి ఒక దారి ఉండేది. దాన్ని నువ్వే మూసుకున్నావు.

నీ ఉత్తరం సోమవారం వచ్చింది. కవరు ఆదివారమే పెట్టారు. ఏం జరిగిందో చెప్తాను, నువ్వు తెలుసుకోవాలి. మార్కెట్టు రోజు, ఎంత జనమో. కూరల బండివాడు కవరు చూసి బండి పక్కకి తిప్పాడు. బడిపంతులు చూసి గొడుగు అటు అడ్డం పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఒక తాతయ్య మనవడి చెయ్యి పట్టి లాగి చెంప మీద కొట్టాడు, వంగబోయాడని. తాగుబోతు అ-పియావ్ పొద్దున్నే తూలుతూ వచ్చాడు. కవరు దగ్గర ఆగాడు. వాడు కళ్ళు నులుముకుని, కవరుకి దండం పెట్టి, కాలు ఎత్తి దాటుకుని పోయాడు. "నీ కూతుర్ని తాగుబోతు కూడా ఎత్తుకోలేదు" అన్నారు బావగారు. మధ్యాహ్నం వానొచ్చింది. నేనే వెళ్ళి ఏరుకొచ్చాను. ఎర్ర రంగు కారి దాని ఫోటో మీదికి ఎక్కింది.

మర్నాడు నీ ఉత్తరం. చదివి ముందు అనుకున్నాను, అందరికంటే ముందు నువ్వే ఆ కవరు పక్కనుంచి వెళ్ళావని. వాళ్ళకి నా కూతురెవరో తెలియదు. నీకు తెలుసు.

కేబుల్ తీసి పెట్టమన్నావు. టోపీ మార్చమన్నావు. బ్యాటరీ కొనమన్నావు. లేని దాని కోసం నన్ను నేల మీద పాకించావు. "చాలా పాతది, తిరిగి రావు" అని రాసినప్పుడు నీ చెయ్యి వణకలేదా? నీ అక్షరాలు చూశాను మళ్ళీ. ఎక్కడా వణకలేదు.

దానికి పంపించానంటావు. మనం కాగితం ఇల్లు కాలుస్తాం, కాగితం బట్టలు కాలుస్తాం. ఎవరైనా ముందు ఆ ఇంటిని సుత్తితో కొడతారా? దానికి పంపాలనుకున్నవాడికి సుత్తి ఎందుకు? ఎవరూ చదవకూడదనుకున్నవాడికి కావాలి సుత్తి. సరే, నీ మాటే నమ్ముతాను. కాల్చేటప్పుడు మూట మీద ఎవరికో, ఎవరు పంపుతున్నారో రాయాలని చిన్నపిల్లలకి కూడా తెలుసు. రాయకపోతే దారిలో దిక్కులేనివాళ్ళు పంచుకుంటారు. నువ్వు ఏం రాశావు? "యెన్ వారి కోడలు ఛాయ్-హోంగ్ కి" అని రాశావా? "నీ భర్త చింగ్-తే" అని సంతకం పెట్టావా? ఒక్క మాటకి జవాబు రాయి చాలు.

కో బోంగ్-ఛీ

*

తైపే,
ఆరో నెల.

అమ్మగారికి,

ఏ పేరూ రాయలేదు.

పెళ్ళి ఆపలేను, అందరికీ పిలుపులు వెళ్ళిపోయాయి. కానీ పలకని నాకివ్వండి. ఇంట్లో కాకపోయినా, షాపు వెనక నా సామాను గదిలో పైన అర ఉంది. అక్కడ పెట్టుకుంటాను. ఎవరికీ తెలియకుండా పండగలకి ధూపం వేస్తాను. బతికినంతకాలం వేస్తాను. మీరు ఊ అంటే నేనే వచ్చి తీసుకెళ్తాను.

చింగ్-తే

*

హెమెయి,
ఆరో నెల, దాని ఏడాది అయిన మర్నాడు.

యెన్ చింగ్-తే కి,

ఇవ్వను.

బియ్యం డబ్బా పక్కనుంచి తీసి పాత కేబుళ్ళ పక్కన పెట్టడానికి నేను దాన్ని కనలేదు. నువ్వు ఎవరికీ తెలియకుండా అన్నావు చూడు, అక్కడే ఆగిపోయాను. బతికున్నప్పుడు దాన్ని పెట్టెలో దాచావు. చచ్చాక అరలో దాస్తానంటావు. నీకు పెళ్ళాం అక్కర్లేదు, నీ మనసుకి కాస్త తేలికగా ఉండాలి, అంతే. ఆ పని నా కూతురు చెయ్యదు.

నీ పెళ్ళికి నేను రాను, భయపడకు. ఆ అమ్మాయికి చెప్పను. దానిమీద నాకు కోపం లేదు. దాన్ని కన్నదీ నాలాంటిదే ఎవరో.

నిన్న పలకని కన్యల గుడికి తీసుకెళ్ళాను. బావగారు టాక్సీకి ఇస్తానన్నారు. నేను బస్సులోనే వెళ్ళాను, అది బస్సులోనే ఇంటికొచ్చేది. పలకకి ఎండ తగలకుండా నల్ల గొడుగు వేసుకుని, దాన్ని గుండెకి ఆనించుకున్నాను. దారి తప్పిపోకుండా ప్రతిచోటా చెప్తూ ఉండాలిగా. "అ-హోంగ్, బస్సెక్కుతున్నాం, మెట్టు చూసుకో. అ-హోంగ్, వంతెన వచ్చింది, దాటుతున్నాం, నన్ను వదలకు." నా గొంతు నాకు వినపడదు, ఎంత గట్టిగా అరిచానో. బస్సులో అందరూ తల వంచుకున్నారు. డ్రైవరు ఒక్కడే వంతెన మీద బస్సు నెమ్మది చేశాడు.

గుడిలో గోడ నిండా పలకలు. అందరూ ఆడపిల్లలే. చూసుకునే ఆవిడ మంచిది. ఒక మూల చోటు చూపించి, "ముందు పిల్లని అడుగు. దానికి ఇష్టమైతేనే" అని, ప్రశ్న అడిగి నేల మీద వేసే నెలవంక చెక్కల జత చేతిలో పెట్టింది. "అ-హోంగ్, ఇక్కడ ఉంటావా?" అని వేశాను. రెండూ బోర్లా పడ్డాయి. ఉండదట. "చలిగా ఉందా?" బోర్లా. "మూల నచ్చలేదా?" బోర్లా. "పెదనాన్నగారింటికే పోతావా?" బోర్లా. "నా మీద కోపమా?" అప్పుడు కూడా బోర్లాయే. చూసుకునే ఆవిడ నా చెవిలో అరిచింది: "ఎవరికోసమైనా చూస్తోందేమో అడుగమ్మా!"

నాకు అడగాలని లేదు. అడిగాను. "అతని కోసం చూస్తున్నావా?"

చెక్కలు నేల తాకీ తాకగానే ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. అవునట. మళ్ళీ వేశాను. అవును. మూడోసారీ అవును.

ఏం చెప్పను దానికి? డిస్కు నువ్వు పగలగొట్టావని చెప్పనా? పిలుపులు పంచేశావని చెప్పనా? ఏడాదిగా నిలబడి ఉన్న పిల్ల. చుట్టూ అంతమంది ఆడపిల్లల ముందు, ధూపం ముందు, దేవుళ్ళ ముందు మోకాళ్ళ మీద కూచుని, "వస్తాడే. నువ్విక్కడ కూచో. నిన్ను తీసుకెళ్ళడానికి వస్తాడు" అని చెప్పి వేశాను.

ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా. కూచుంది.

నా కూతురితో నేనెప్పుడూ అబద్ధం ఆడలేదు. నిన్న నీ అబద్ధం నా నోటితో ఆడాను. నువ్వు అక్కడికి వెళ్ళకు, ఎక్కడుందో నీకు చెప్పను. అది ఎదురుచూస్తూనే ఉంటుంది.

కో బోంగ్-ఛీ